ఒక్క బంతి... ఏడేళ్ల ఎదురుచూపు

మొన్న రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో వీడియోలు చూస్తుంటే ఓ బేస్‌బాల్ క్లిప్ వచ్చింది. బ్యాటర్ మూడు బంతులకే అవుటయ్యాడు. అయినా స్టేడియమంతా లేచి చప్పట్లు! 'ఇదేంట్రా బాబూ?' అనుకుంటూ అతని గురించి వెతికా. పేరు ఆడమ్ గ్రీన్‌బర్గ్.

అతను అవుట్‌ఫీల్డర్. అంటే, మన క్రికెట్‌లో బౌండరీ దగ్గర కాపలా కాసే ఫీల్డర్ లాంటివాడు. మూడేళ్లు చిన్న లీగుల్లో ఆడాక షికాగో కబ్స్ జట్టులోకి పిలుపొచ్చింది. 2005 జులై 9న ఫ్లోరిడా మార్లిన్స్‌పై మొదటిసారి బ్యాట్ పట్టాడు. మొదటి బంతే సుమారు 148 కిలోమీటర్ల వేగంతో వచ్చి తలకు తగిలింది. హెల్మెట్ ఉన్నా కుప్పకూలిపోయాడు. తల తిరగడం, తలనొప్పి చాలాకాలం వదల్లేదు. కబ్స్ మళ్లీ పిలవలేదు.

ఇంకో సంగతి. బంతి ఒంటికి తగిలితే బేస్‌బాల్ లెక్కల్లో అది 'ఎట్ బ్యాట్' కింద రాదు. అంటే రికార్డుల్లో అతని ఖాతా సున్నా!

అయినా చిన్న లీగుల్లో ఆడుతూనే ఉన్నాడు. అతనికి ఒక్క ఛాన్స్ ఇవ్వాలని అభిమానులు ఉద్యమమే నడిపారు. చివరికి 2012 అక్టోబరు 2న మార్లిన్స్ జట్టే ఒక్కరోజు కాంట్రాక్టు ఇచ్చింది. అవును, ఆ రోజు బంతి విసిరిన బౌలర్ జట్టే! ఎదురుగా న్యూయార్క్ మెట్స్ బౌలర్ ఆర్.ఎ. డికీ. ఆ ఏడాది సై యంగ్ అవార్డు గెలిచినవాడు. మూడు బంతులు... స్ట్రైకౌట్. ఖాతాలో ఇప్పుడు 1 ఎట్ బ్యాట్, 0 హిట్స్.

ఆ సున్నా దగ్గరే నేను ఆగిపోయా. అంత గొప్ప బౌలర్ ముందు అవుటయ్యే అవకాశమే ఎక్కువని అతనికి తెలియదా? తెలిసే వెళ్లాడు కదా!

గతేడాది ఓ ఉద్యోగ పరీక్ష రోజున జ్వరంతో మధ్యలోనే లేచి వచ్చేశా. తర్వాత ఆ పుస్తకాలు ముట్టలేదు. 'ఆరోజు ఒంట్లో బాగుండుంటేనా, కొట్టేసేదాన్ని' అని అందరికీ చెప్పుకోవడం హాయిగా ఉండేది. మళ్లీ రాసి ఫెయిలైతే ఆ మాట కూడా మిగలదు. నా భయమల్లా అదే.

ఈసారి అప్లికేషన్‌కి శుక్రవారం ఆఖరు. నిన్న రాత్రే ఫీజు కట్టేశా.