నేను చూసేది మిమ్మల్నే

మీటింగులో నేను ఒకర్ని ప్రశ్న అడిగితే పక్కనున్నాయన జవాబు చెప్పేవాడు. నవ్వకండి, నిజంగానే :) నా కుడికన్ను బయటివైపుకి తిరిగి ఉండేది మరి.

చిన్నప్పుడు అలిసిపోతేనో, పరధ్యానంలో ఉంటేనో మాత్రమే అలా అయ్యేదట. ఎండలోకి వెళితే ఆ కన్ను మూసుకునేవాణ్ణి. అమ్మమ్మేమో "మెల్లకన్ను అదృష్టంరా నాయనా" అనేది. ఆ అదృష్టం పుణ్యమా అని ఎవరూ డాక్టరుకి చూపించలేదు. బళ్ళో మాత్రం అది నా పేరు ముందు బిరుదైపోయింది. ఫొటోల్లో పక్కకి తిరిగి నిలబడటం అలవాటు చేసుకున్నా.

పెద్దయ్యాక ఇక ఆపరేషన్ చెయ్యరనుకునేవాణ్ణి. అది తప్పని 34వ ఏట తెలిసింది. కన్ను బయటికి తీసి బాగుచేస్తారన్న భయమూ ఉండేది. అదీ తప్పే. ఒక్కో కంటిని తిప్పేవి 6 కండరాలు. పనంతా వాటి మీదే, కనుగుడ్డు లోపలికి వెళ్ళరు. లేటరల్ రెక్టస్ అనే బయటివైపు కండరాన్ని విప్పి కాస్త వెనక్కి కుట్టారు, దాని లాగుడు తగ్గింది. ముక్కువైపు ఉండే మీడియల్ రెక్టస్‌ని కొంచెం కత్తిరించి బిగించారు. ఎన్ని మిల్లీమీటర్లన్నది, ముందే పట్టకాలు అడ్డుపెట్టి కొలిచిన కోణాన్ని బట్టి. కొందరికి రెండు కళ్ళలోనూ బయటి కండరాల్నే వదులు చేస్తారు.

కన్ను మళ్ళీ బయటికి జారే గుణం ఉంటుంది కాబట్టి మొదట్లో కావాలనే పిసరంత లోపలికి ఉంచారు. దాంతో పదిరోజులపాటు కోడులో సెమీకోలన్లన్నీ రెండేసి కనిపించాయి! ఎర్రదనం పోడానికి కొన్ని వారాలు పట్టింది.

ఇప్పుడు ఎవరూ వెనక్కి తిరిగి చూడట్లేదు. కానీ ఎగిరొచ్చే బంతి ఎంత దూరంలో ఉందో మాత్రం ఇప్పటికీ సరిగ్గా తెలీదు. చిన్నప్పుడే మెదడు ఆ కంటి బొమ్మని పక్కన పెట్టేయడం నేర్చుకుంది. కండరాన్ని కుట్టగలరు గానీ, ఆ అలవాటుని కుట్టలేరు కదా.

మొన్న మా పాప ఎండలో ఒక కన్ను మూసుకుంటుంటే అమ్మ మురిసిపోయి "నీ పోలికేరా, అదృష్టం" అంది. శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఆపరేషన్ దాకా పోకపోవచ్చు, కళ్ళజోడుతోనో, కొన్నాళ్ళు పట్టీతోనో సరిపోవచ్చు. అసలేమీ లేకపోనూవచ్చు. చూపించడం మాత్రం ఆలస్యం చెయ్యను. అమ్మ రెండ్రోజుల్నుంచీ నాతో సరిగ్గా మాట్లాడట్లేదు, అయినా సరే.