ఐదు మార్కుల చెమ్మ

డీపీసీ అంటే ఏమిటి, ఎందుకు వేస్తారు? సెకండియర్‌లో ఐదు మార్కుల ప్రశ్న. నేను బొమ్మ గీసి మరీ రాశాను. నేలలోని తడి ఇటుకల సన్నని రంధ్రాల్లోంచి, దీపం వత్తిలో నూనెలా పైకి పాకుతుంది. దాన్ని ఆపడానికి పునాది మీద, గోడ మొదలయ్యే చోట, 1:2:4 కాంక్రీటులో వాటర్‌ప్రూఫ్ పౌడరు కలిపి ఒక పొర వేస్తారు. చుట్టూ ఉన్న నేలకంటే అది కనీసం 150 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండాలి. ఐదుకి ఐదూ వచ్చాయి.

అదే ఏడాది కోనసీమలో మా ఇంట్లో, నానమ్మ గది గోడకి అడుగున చెమ్మ పట్టింది. సున్నం పెచ్చులు ఊడి, తెల్లగా ఉప్పు పూసింది. నానమ్మకి అసలే ఆయాసం. "నువ్వు చదివేది సివిలేగా, ఏం చెయ్యాలో చెప్పరా" అన్నాడు నాన్న. ఫోన్లోనే చెప్పేశాను. గోడ గీకించి, లోపల మూడడుగుల ఎత్తు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి, పైన వాటర్‌ప్రూఫ్ కోటింగ్ కొట్టించమని. పద్దెనిమిది వేలయింది. నా చదువుని నమ్మి నాన్న పెట్టిన మొదటి ఖర్చు అది (ఫీజులు కాక).

తర్వాతి వానాకాలానికి చెమ్మ ఆ మూడడుగులూ దాటేసింది. లోపలివైపు ఆరే దారి నేనే మూసేశాను కదా, తడి ఇంకా పైకెక్కింది. నానమ్మ మంచం హాల్లోకి మార్చారు.

దసరా సెలవులకి వెళ్తే, నాన్న మా పాత తాపీమేస్త్రి గారిని పిలిపించాడు. ఆయన గదిలోకి రానే లేదు. బయట గోడ వారగా నిలబడి, "ఈ మెరక ఎప్పుడు చేశారండీ?" అన్నారు.

వీధిలో సిమెంటు రోడ్డు వేశాక అది మా వాకిలికంటే ఎత్తయిపోయింది. నీళ్లు లోపలికి వస్తున్నాయని మట్టి తోలించాం, గోడ దాకా. గునపంతో జానెడు తవ్వితే కనబడింది నా ఐదు మార్కుల గీత, మట్టికింద. కింది తడిని అది ఆపుతూనే ఉంది. పక్కనున్న మట్టి మాత్రం దాన్ని దాటి నేరుగా పై ఇటుకల్ని తడుపుతోంది. నేను గోడ ఫొటో కూడా అడక్కుండా మందు రాసిచ్చాను.

అట్లాంటాలో ఉన్న బావకి చెప్తే, తనదీ అదే కథ అన్నాడు. అక్కడ చెక్క ఇళ్లకి బయట సైడింగ్ పలకలు కొడతారు. చెక్క సైడింగ్‌కీ నేలకీ మధ్య ఆరంగుళాల ఖాళీ ఉండాలని రూలు. బావ మొక్కల కోసం చెక్కపొట్టు గోడ దాకా పోసి, పలకల అంచులు కుళ్లబెట్టుకున్నాడు. ఆరంగుళాలంటే మన 150 మిల్లీమీటర్లే.

మేస్త్రి గారు గోడ వెంట రెండడుగుల వెడల్పున మట్టి తీయించి, నేలని డీపీసీకి ఆరంగుళాల కిందికి దించారు. గోడ నుంచి బయటికి వాలుగా కాంక్రీటు పోసి, చివర చిన్న కాలువ తీసి పెరట్లోకి వదిలారు. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా గొట్టం పెట్టించారు. లోపల నా సిమెంటంతా ఉలితో కొట్టేశారు. ఆ రద్దు రెండ్రోజులు నేనే మోశాను.

గోడ ఆరడానికి నెలలు పడుతుందట. నానమ్మ ఇంకా హాల్లోనే ఉంది. నాన్న డబ్బు మాట ఎత్తలేదు. మొన్న ఫోన్ చేసి, "ఆరాక లోపల సిమెంటా, సున్నమా?" అన్నాడు.

"మేస్త్రి గారినే అడుగుదాం నాన్నా" అన్నాను.