పాత గద్వాల చీర వెల

ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ నూలునూ పట్టునూ మగ్గం మీదే పోగుకు పోగు పెనవేసి కలపడం గద్వాల నేత ప్రత్యేకత. అలాంటి చీర పాతబడ్డాక వెల కట్టేదెలా?

వనపర్తిలో మా వీధికి వచ్చే జరీ వ్యాపారికి ఆ సందేహం లేదు. 1988లో అమ్మ పెళ్లికి కొన్న చీరను ఆయన పూర్తిగా విప్పనైనా లేదు. అంచున ఒక పోగు లాగి గోటితో గీకాడు. ఎర్రని పట్టుదారం బయటపడింది. దానికి చుట్టినది వెండితీగ, ఆపైన బంగారు పూత, అసలు జరీయే. లోపల రాగి కనిపించి ఉంటే మాటాడకుండా లేచిపోయేవాడేమో. ఆయన కొనేది కరిగే వెండిని, నేతను కాదు.

నేను తిరగేసి చూశాను. ఏళ్లనాటి మడతల వెంట జరీ విరిగింది. ఉతుకులకు నూలు కుదించుకొని అతుకు పొడవునా ముడుతలు పడ్డాయి. (నూలేమో ఉతకాలి, పట్టేమో ఉతకరాదు, ఈ చీరను ఏం చేయాలో నాకు నేటికీ బోధపడలేదు.) అయినా ఆ పెనవేత ఎక్కడా వీడలేదు. ఇవ్వవద్దని బతిమాలాను.

అమ్మ నవ్వి కత్తెర తెమ్మన్నది. అంచులూ కొంగూ కోసి తూకానికి ఇచ్చింది. మెత్తబడిన నూలును మాత్రం మడిచి పెట్టుకొన్నది. చెల్లెలికి వచ్చే నెల కాన్పు.