పల్నాటి గిజిగాడు

పల్నాడు అనగానే తెలుగువాడికి బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపోరు, కారంపూడి రణభూమి కళ్ళముందు నిలుస్తాయి. శ్రీనాథుడి పేరుతో ప్రచారంలో ఉన్న చాటువులు చదివినవారికి రాళ్ళూ, జొన్నకూడూ కూడా జ్ఞాపకం వస్తాయి. అలాంటి వీరభూమికి పిట్టను చూడడానికి వెళుతున్నానంటే మా కళాశాల మిత్రులు నవ్వారు. నిజానికి పల్నాటికీ ఆ పిట్టకూ సాహిత్యంలోనే చుట్టరికం ఉంది. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువ 'గిజిగాడు' అని ఒక ఖండిక రాశారు. ఆ వినుకొండ 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోనే ఉంది. తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన ఆ పిట్టను దాని నేలమీదే చూడాలనిపించి, శ్రావణమాసంలో నరసరావుపేటలో గురజాల బస్సెక్కాను.

గురజాల ఇంకా కొంత దూరం ఉందనగా ఒక పాత మోటబావి కనిపించింది. గట్టుమీది తుమ్మచెట్టు బావిలోకి వంగి ఉంది. దాని కొమ్మలకు ముప్పయికి పైగా గూళ్ళు సొరకాయబుర్రల్లా వేలాడుతున్నాయి. కింద నీళ్ళు, చుట్టూ ముళ్ళు. పామైనా పిల్లయినా అక్కడికి చేరడం కష్టమే. నైరుతి గాలివాన తగలకుండా చెట్టుకు తూర్పు వైపునే గూళ్ళు ఎక్కువగా కట్టడం కూడా ఈ పిట్టకు అలవాటు.

కట్టేది మగపిట్ట. ఆకులను జానెడు, రెండు జానల పొడవు పీచులుగా చీల్చి తెచ్చి అల్లుతుంది. ఒక గూటికి 500 సార్లయినా తిరగవలసి వస్తుంది. సగం గూడు శిరస్త్రాణంలా తయారుకాగానే రెక్కలు టపటపలాడిస్తూ ఆడపిట్టలను పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపల పరీక్షిస్తుంది. నచ్చితేనే కాపురం, నచ్చకపోతే ఆ గూడు అలాగే మిగిలిపోతుంది. కాపురం కుదిరాక మగడు గొట్టం కట్టి గూడు పూర్తిచేసి, మరో ఆడపిట్ట కోసం మరో గూడు మొదలుపెడతాడు! ఈ సంగతులను 1930లో బొంబాయి దగ్గర కిహీం గ్రామంలో చెట్టుకింద కూర్చుని పరిశీలించి, మరుసటి ఏడు లోకానికి చెప్పినవాడు సలీం అలీ. గుడ్లు పొదిగే భారం ఆడదానిదే.

గూటిలో మట్టిముద్ద పెట్టి, దానికి మిణుగురులను అంటించి గిజిగాడు దీపం పెట్టుకుంటుందని మన పెద్దలు చెప్పేవారు. మట్టిముద్ద మాట నిజం. దీపం మాత్రం మనవాళ్ళ ఊహే.

మనవాళ్ళు 'గిజిగాడు' అనే ఒక్క మాటతో పిలిచే ఈ కులంలో శాస్త్రజ్ఞులు ఇండియాలో నాలుగు జాతులను గుర్తించారు. మొదటిది ఈ తుమ్మచెట్టు మీదిది. వానకారులో మగదానికి నెత్తిన పసుపు పాగా, ముఖాన నల్లని ముసుగు, చారలు లేని పసుపు రొమ్ము. రెండవదానికి రొమ్మునిండా నల్లని చారలుంటాయి. అది చెట్టు జోలికి పోకుండా నీటిలోని జమ్ముకాడలను కొసల దగ్గర కూర్చి గూడు అల్లుకుంటుంది. రొమ్మున నల్లని పట్టీ ఉన్న మూడవది ముఖ్యంగా ఉత్తరాది నదీమైదానాలది. నాలుగవది హిమాలయాల పాదాన తరాయిలో బతికే పెద్ద ముక్కు గిజిగాడు. అది అంతరించే ప్రమాదంలో ఉంది. వానకారు వెళ్ళిపోతే పసుపు రంగు కూడా వెళ్ళిపోయి అన్నీ ఇంచుమించు ఊరపిచ్చుకల్లాగే ఉంటాయి. మన పూర్వులు ఒకే పేరు పెట్టారంటే తప్పేముంది?

తప్పు పేరు పెట్టినవాడు మరొకడున్నాడు. 1766లో లిన్నేయస్ మన గిజిగాడికి 'ఫిలిప్పైనస్' అని నామకరణం చేశాడు. ఫిలిప్పీన్ దీవుల్లో ఈ పిట్ట సహజంగా ఉండనే ఉండదు! 1816లో కువ్యే ఈ పిట్టల ప్రజాతికి 'ప్లోసియస్' అని గ్రీకు మాట పెట్టాడు. అంటే నేతగాడు అని. తరువాత ఆఫ్రికాలోని అనేక నేతపిట్టలను కూడా ఈ ఇంటిపేరు కిందకే చేర్చారు. అయితే 2017లో జన్యువులను పోల్చి చూస్తే, ఆసియా పిట్టలూ ఆఫ్రికా పిట్టలూ ఒకే కొమ్మవి కావని తేలింది. పేరుకు మూలం మన గిజిగాడే కనుక, ఇల్లు పంచుకోవలసి వస్తే ఇంటిపేరు మనవాటికే దక్కుతుంది.

ఇంతకూ పేరు నిలిచినంత తేలికగా ఇల్లు నిలుస్తుందా? బావి యజమాని, డెబ్బయి దాటిన రైతు, గట్టుమీద కూర్చుని ఉన్నాడు. "మా చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో వీటినే తోలేవాళ్ళం మేష్టారూ! కంకి పాలుపోసుకుంటే చాలు, గుంపులుగా పడేవి," అన్నాడు. 1967లో నాగార్జునసాగరం నీళ్ళు కుడికాలువలోకి వచ్చాయి. మెట్ట మాగాణి అయింది. జొన్న తగ్గి వరి, పత్తి, మిర్చి పెరిగాయి. కాలువ వచ్చాక మోటబావితో పనిలేదు. తాళ్ళూ ఈతలూ కొట్టేశారు. ఆయన కొడుకులు ఈ బావిని కూడా పూడ్చి చదును చేద్దామంటున్నారట.

"మీరేమంటారు?" అన్నాను.

"వాళ్ళనడంలో తప్పులేదయ్యా! మనవరాలు ఇటుకేసే ఆడుకుంటది. గట్టు ఒరిగిపోయింది."

పిట్టమీద ప్రేమతో బిడ్డ ప్రాణానికి ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు. "గట్టు చుట్టూ గోడ కడితేనో?" అన్నాను. పిట్ట జొన్నగింజ తిన్నా, పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులనే. ఆ పురుగులు మీ చేలోవే అని కూడా చెప్పాను.

ఆయన కొంతసేపు ఆలోచించి, "గోడ సంగతి పెద్దోడితో మాట్లాడాలి. ఏదేమైనా గూళ్ళలో పిల్లలు లేచిపోయేదాకా పార పడనియ్యను. దసరా వెళ్ళనియ్యండి," అన్నాడు.

దసరాకు ఇంకా రెండు నెలలుంది. మేము మాట్లాడుతుండగానే ఒక మగపిట్ట పచ్చటి పీచు నోట కరచుకుని వచ్చి, కొమ్మకు కొత్త ముడి వేయడం మొదలుపెట్టింది.