ఒకేసారి నాలుగు టేబుళ్లు

జూదమనగానే మన మనసులో మెదిలే చిత్రం ఒకటుంది: ఊరి చివర చెట్టు నీడలో పేకముక్కలు, ఉన్నదంతా పోగొట్టుకుని రాత్రివేళ ఇల్లు చేరే మనిషి. మా ఆపా కొడుకు విషయంలో ఆ చిత్రం నాకు ఏమాత్రం పనికిరాలేదు. అతడికి ఏ వ్యసనమూ లేదు, ఎవరి వద్దా అప్పు చేయలేదు, అబద్ధమాడలేదు. పైగా గెలిచాడు. ఓడినవాడికి బుద్ధి చెప్పడం సులభం. గెలిచినవాడికి చెప్పవలసి వచ్చినప్పుడే మన మాటల్లో బలమెంతో తేలుతుంది.

మల్దకల్‌లో మా బావగారిది విత్తన పత్తి సేద్యం. నడిగడ్డ వారికి ఆ కష్టం వివరించనక్కరలేదు. సాయంత్రం మొగ్గలు విప్పి మగ భాగాలను తీసివేయాలి, మరునాటి ఉదయం ఒక్కొక్క పువ్వుకూ పుప్పొడి అద్దాలి. క్రాసింగ్ రోజుల్లో ఇంటిల్లిపాదీ చేనులోనే ఉంటారు. కొడుకు మాత్రం రాయచూరులో ఒక దుకాణంలో లెక్కలు రాసే ఉద్యోగానికి వెళ్లాడు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. నైపుణ్యం పేరుతో ఆడేవాటికీ మినహాయింపు ఇవ్వలేదు. కర్ణాటక 2021 అక్టోబరులో అటువంటి నిషేధమే తెచ్చినా, 2022 ఫిబ్రవరి 14న అక్కడి హైకోర్టు దానిని కొట్టివేసింది. కృష్ణా తుంగభద్రల నడుమ నేల ఒక్కటే. అయినా మల్దకల్‌లో తెరుచుకోని పోకర్ టేబుల్ రాయచూరులో తెరుచుకునేది.

అతడు నా వద్ద ఏదీ దాచలేదు. లాప్‌టాప్ తెరను నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్క భాగంలో ఒక్కొక్క టేబుల్ పెట్టుకునేవాడు. ఒక్కో టేబుల్ మీద గంటకు సుమారు డెబ్భై ఆటలు, అంటే నాలుగింటి మీద రెండువందల ఎనభై. పదమూడు సెకన్లకు ఒక ఆట. చాలావరకు పేకలు చూసీ చూడగానే వదిలేయడమే. ఆడిన ప్రతి ఆటా ఒక సాఫ్ట్‌వేర్‌లో నమోదయ్యేది. “మామూ, ఒక్క టేబుల్ మీద ఒక్క రాత్రి ఆడితే అది అదృష్టం. నాలుగింటి మీద నెలల తరబడి ఆడితే అది లెక్క” అన్నాడు.

గద్వాలలో ఎన్నో ఏళ్లు గణితం బోధించినవాణ్ణి. అతడి మాటలో తప్పు లేదని ఒప్పుకున్నాను. ఆటల సంఖ్య పెరిగేకొద్దీ అదృష్టం పాత్ర తగ్గి నైపుణ్యం బయటపడుతుంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. అయితే అదే కాగితం మీద మరో లెక్క వేయమన్నాను. ఆరుగురు తలా వెయ్యి తెచ్చారనుకుందాం, మొత్తం ఆరు వేలు. ఆటకు సగటున రెండువందలు పోగైతే, అందులో ఐదు శాతం, అంటే పది రూపాయలు నిర్వాహకుడికి. గంటకు డెబ్భై ఆటలైతే ఏడువందలు. తొమ్మిది గంటలు తిరగకముందే ఆరుగురి సొమ్మూ హరించిపోతుంది. పత్తిచేనులో గింజైనా పుడుతుంది, ఈ టేబుల్ మీద ఏమీ పుట్టదు. అక్కడ గెలిచేవాడు గెలవాలంటే, ఓడేవారు తెచ్చి పోస్తూనే ఉండాలి.

ఆ ఓడేవారిని ఆటగాళ్లు “చేపలు” అంటారట. ఏ టేబుల్ మీద చేప ఉందో వెతికి కూర్చోవడమే నైపుణ్యంలో పెద్ద భాగమట. అతడు దాన్ని చాలా మామూలుగా చెప్పాడు.

జూదంలో లాభమే లేదని దివ్య ఖుర్ఆన్ అనలేదు. కొంత ప్రయోజనం ఉందని ఒప్పుకుంటూనే, దాని పాపం అంతకన్నా పెద్దదని అల్ బఖరా 219వ ఆయతు తేల్చింది. అజ్ఞానకాలపు అరబ్బులు ఒంటెను కోసి పది బాణాలతో పందెం వేసేవారని తఫ్సీరులు చెబుతాయి. ఏడు బాణాలకు ఒకటి నుంచి ఏడు వరకు వాటాలు, మూడింటికి శూన్యం. గెలిచినవారు ఆ మాంసాన్ని పేదలకు పంచేవారు. పేదల కడుపు నింపిన ఆ పందెమూ నిషిద్ధమే అయింది. అల్ మాయిదా 91వ ఆయతు చూపిన కారణాలలో అదృష్టం, నైపుణ్యం అన్న మాటలు లేవు. పరస్పర వైరం, ద్వేషం, దైవస్మరణ నుంచీ నమాజు నుంచీ మరల్చడం, ఇవే ఉన్నాయి.

“నాకెవరి మీదా ద్వేషం లేదు మామూ, వాళ్ల ముఖాలే తెలియవు” అన్నాడు. నాకు అదే ఎక్కువ భయం కలిగించింది. చెట్టు కింద ఆడేవాడికి కనీసం ఎదుటివాడి ముఖం వాడిపోవడమైనా కనిపిస్తుంది. నమాజు సంగతి నేను అడగకముందే తనే చెప్పాడు: “మానలేదు. కానీ రుకూలో కూడా ఆ నాలుగు గళ్లే కనిపించేవి.”

ఒక రంజాన్ సెలవులకు అతడు లక్షా ఎనభై వేలు తెచ్చి, చెల్లెలి నికాహ్ కోసమని తల్లి ముందు పెట్టాడు. మా ఆపాకు గణితం రాదు, చట్టం తెలియదు. “ఇది ఎవరి డబ్బు బేటా?” అని మాత్రం అడిగింది. “నాదే అమ్మీ” అన్నాడు. “నీ దగ్గరికి రాకముందు?” అంది. నేను కాగితం నిండా అంకెలు వేసీ ఆ ప్రశ్న అడగలేకపోయాను. ఆ డబ్బు బీరువాలో మూటగానే ఉండిపోయింది.

హక్కుదారు తెలిస్తే తిరిగి ఇవ్వాలని, తెలియకపోతే పుణ్యం ఆశించకుండా అగత్యపరులకు ఇచ్చివేయాలని ఆలిమ్‌గారు చెప్పారు. అతడు మొదటి మార్గమే ప్రయత్నించాడు. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఆటా ఉంది, ఎవరు ఎంత పోగొట్టుకున్నారో పైసలతో సహా ఉంది. మనుషులే లేరు, మారుపేర్లు తప్ప. ఇంతలో 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదంతో కేంద్ర చట్టం వచ్చింది. నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం లేకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవారికి శిక్ష లేదు. రోజుల వ్యవధిలో ఆ టేబుళ్లు మూతపడ్డాయి.

మూట విప్పి, ఆస్పత్రి ఖర్చులకు అల్లాడుతున్న కుటుంబాలకు కొంచెం కొంచెంగా ఇచ్చేశాడు. నికాహ్ మస్జిదులోనే, ఖర్జూరాలతో జరిగింది. మొన్న క్రాసింగ్ పనికి ఇంటికి వచ్చినప్పుడు ఆ మారుపేర్ల జాబితా నాకు చూపించాడు. సులభంగా ఓడేవారికి అప్పట్లో తానే ఆకుపచ్చ గుర్తు పెట్టుకున్నాడు. అందులో ఒకడు రోజూ అర్ధరాత్రి దాటాకే వచ్చేవాడట, తెల్లవారేదాకా పోగొట్టుకునేవాడట.

“అతడూ మన వైపువాడేనేమో మామూ” అన్నాడు.