గుట్టు విప్పిన సిపాయికి ఎంత శిక్ష?

"ఇంటిగుట్టు లంకకు చేటు" అని మన పెద్దలు ఊరక అనలేదు. లోపలి మాట వీధిన పడితే ఎంతటి కొంప అయినా కూలుతుందని దాని భావం. కచేరీలో కాగితాలతో కాపురం చేసే మాబోటి గుమాస్తాలకు ఈ సామెత ఉద్యోగంలో చేరిన నాటినుంచే పాఠం. "రహస్యము" అని ముద్ర పడిన కవర్లు మా చేతులమీదుగా పోతూ ఉంటాయి. వాటిలో ఏమున్నదో ఇంట్లో ఇల్లాలికి కూడా చెప్పము. ఈ అరవదేశంలో స్థిరపడిన మన కుటుంబాలలో పూర్వం కరణీకం చేసినవి ఎన్నో ఉన్నవి. లెక్క తప్పనివాడు, నోరు జారనివాడు అన్న పేరే వారికి ఆస్తి.

కనుక రహస్యపు కాగితాలు బయటపెట్టిన అమెరికా సిపాయి ప్రస్తావన వచ్చినప్పుడల్లా, మా కచేరీలో టిఫిను వేళ పెద్దలు అనే మాట ఒక్కటే: "తిన్నయింటి వాసాలు లెక్కపెట్టినవాళ్లను ఊరక విడువరాదండీ." ఇంటికి వస్తే పిల్లల వాదం మరొక విధం. అన్యాయం చూచి నోరు మూసుకొన్నవాడే ద్రోహి అంటారు వారు. ఈ రెండు మాటల మధ్య మేము చాలాకాలంగా ఆలోచిస్తున్నాము. ముందు జరిగినదేమిటో వరుసగా చెప్పుకొందాము.

ఆ సిపాయి పేరు సైన్యంలో చేరినప్పుడు బ్రాడ్లీ మానింగ్. తాను స్త్రీననీ, తన పేరు చెల్సీ అనీ 2013 ఆగస్టు 22న లోకానికి ప్రకటించినది. కనుక మేమును "ఆమె" అనే వ్రాస్తున్నాము. 2009 చివరలో బాగ్దాదు సమీపాన ఒక సైనిక శిబిరంలో సమాచారం పరిశీలించే పని ఆమెది. అప్పటికి ఇరవై రెండేళ్లు. 2010 మొదటి నెలలలో, పాటల డిస్కు అని పైన వ్రాసుకొని, ఏడు లక్షలకు పైగా ప్రభుత్వ పత్రాలు ఎక్కించి వికీలీక్స్ అనే సంస్థకు అందజేసినది. ఇరాక్ యుద్ధపు నివేదికలు 3,91,832. రాయబార కార్యాలయాల తంతి ఉత్తరాలు 2,51,287. ఆఫ్ఘన్ యుద్ధపు నివేదికలు వేలకు వేలు. వీటితోపాటు ఒక చలనచిత్రం.

ఆ చిత్రం 2007 జూలై 12న బాగ్దాదులో హెలికాప్టరునుంచి తీసినది. వీధిలో నిలబడిన మనుష్యులమీద పైనుంచి కాల్పులు. చచ్చినవారిలో రాయిటర్స్ వార్తాసంస్థ ఉద్యోగులు ఇద్దరు, నమీర్ నూరెల్డీన్, సయీద్ చమాగ్. గాయపడినవానిని ఎత్తుకొని పోవడానికి వచ్చిన వ్యానుమీదను కాల్చారు. వ్యానులో ఉన్న ఇద్దరు పసిపిల్లలు గాయపడ్డారు. వారి తండ్రి ప్రాణం పోయినది. చిత్రం ఇప్పించమని రాయిటర్స్ వారు చట్టప్రకారం అడిగినా దొరకలేదు. సైన్యంవారు విచారించి, సిపాయిలు నిబంధనల ప్రకారమే నడచుకొన్నారని తేల్చారు. 2010 ఏప్రిల్ 5న వికీలీక్స్ ఆ చిత్రాన్ని లోకానికి చూపినది. మే నెలలో మానింగ్‌ను పట్టుకొన్నారు.

అక్కడినుంచి దేశమంతా రెండుగా చీలినది. అర్కాన్సాస్ మాజీ గవర్నరు మైక్ హకబీ వంటివారు, ఈ పని చేసినవారికి మరణశిక్ష తప్ప మరొకటి చాలదన్నారు. వియత్నాం యుద్ధపు రహస్యాలను 1971లో పత్రికలకిచ్చిన డేనియల్ ఎల్స్‌బర్గ్ ఆమె పక్షాన నిలిచారు. విచారణ మొదలు కాకముందే క్వాంటికో జైలులో తొమ్మిది నెలలపాటు, రోజుకు ఇరవైమూడు గంటలు, ఒంటరి కొట్టులో ఉంచారు. ఆ పద్ధతి తప్పని పైకి చెప్పినందుకు విదేశాంగ శాఖ ప్రతినిధి క్రౌలీ 2011 మార్చిలో ఉద్యోగం వదులుకోవలసి వచ్చినది. విచారణకు ముందే శిక్షించడం న్యాయం కాదని న్యాయాధికారిణి డెనీస్ లిండ్ కూడా గుర్తించి, శిక్షలో 112 రోజులు తగ్గించినది.

2013 జూలై 30న తీర్పు వచ్చినది. శత్రువుకు తోడ్పడినదన్న నేరం రుజువు కాలేదు. గూఢచర్య చట్టం క్రింద ఆరు నేరాలు, మరికొన్ని ఇతర నేరాలు రుజువైనవి. ప్రభుత్వ న్యాయవాదులు అరవై ఏళ్లు అడిగారు. ఆగస్టు 21న ముప్పయి అయిదేళ్లు విధించారు. 2017 జనవరి 17న అధ్యక్షుడు ఒబామా ఆ శిక్షను తగ్గించారు. ఆ పని ఘోరమైన పొరపాటని సెనేటరు మెకెయిన్ విమర్శించారు. మే 17న, ఏడేళ్ల తరువాత, మానింగ్ బయటికి వచ్చినది.

ఇక మా మాట. వేయి వాదాలు విన్న తరువాత మాకు తోచినదేమంటే, అందరూ ఒక నేరమనుకొనేది నిజానికి రెండు పనులు. వాటిని ఒకే మూటకట్టి తూచబోతే త్రాసు నిలువదు.

ఒకటి, ఆ చలనచిత్రం ఇవ్వడం. అది ఆమె కళ్లారా చూచి, ఆలోచించి ఇచ్చినది. అందులో ఉన్నదేమిటో తెలుసు. ఎందుకు తెలియాలో తెలుసు. రెండవది, లక్షలకొలది కాగితాలు కట్టకట్టి ఇవ్వడం. ఇక్కడ గుమాస్తా లెక్క ఒకటి వేస్తాము. రోజుకు నూరు కాగితాలు చదివినా ఏడు లక్షలు చదవడానికి ఏడువేల రోజులు, అంటే పందొమ్మిదేళ్లకు పైగా పడుతుంది. ఆమెకున్న వ్యవధి కొన్ని నెలలు. చదవని కాగితం ఎవరి ప్రాణం తీస్తుందో ఇచ్చినవారికి తెలియదు. అమెరికా సైన్యానికి సమాచారమిచ్చిన బీద ఆఫ్ఘనుల పేర్లు వాటిలో ఉన్నాయి. ఆ పేరువల్ల ఫలానావాడు చంపబడ్డాడని చూపగల ఉదాహరణ తనకు తెలియదని నష్టపు విచారణ జరిపిన బ్రిగేడియర్ జనరల్ రాబర్ట్ కార్ సాక్ష్యంలో ఒప్పుకొన్నారు. అది ఆ బీదల అదృష్టం. ఆ అదృష్టాన్ని చూపి తప్పు లేదనరాదు.

భారతంలో విదురుణ్ణి తలచుకొందాము. ధృతరాష్ట్రుని మంత్రి, ఆ కొలువు ఉప్పు తిన్నవాడు. అయినా లక్కయిల్లు సంగతి ధర్మరాజుకు సూచనగా తెలిపి, సొరంగం త్రవ్వేవాణ్ణి పంపాడు. కొలువుగుట్టు బయటపెట్టినవాడే కదా! అయినా అతనిని ద్రోహి అనం, ధర్మాత్ముడంటాము. ఏమంటే, చెప్పినది ఒక్క రహస్యం. చెప్పినది ఆ నిప్పులో కాలబోయేవారికి. హస్తినాపురపు కోశాగారం లెక్కలు, కోట గుమ్మాల గుర్తులు చెప్పలేదు. మానింగ్ చేసిన మొదటి పని విదురుని త్రోవకు దగ్గర. రెండవది ఆ త్రోవ కాదు.

అలాగని ముప్పయి అయిదేళ్లు న్యాయమా? ఇక్కడ మరొక త్రాసు చూడాలి. సైన్యాధిపతిగా ఇరాక్ యుద్ధం నడిపి, తరువాత గూఢచారి శాఖకు అధిపతి అయిన పెట్రేయస్, అత్యంత రహస్య విషయాలు వ్రాసుకొన్న పుస్తకాలను తన జీవితచరిత్ర వ్రాసే ఆమె చేతికిచ్చాడు. అబద్ధమాడాడు కూడా. 2015లో అతనికి పడినది లక్ష డాలర్ల జరిమానా, రెండేళ్ల పర్యవేక్షణ. ఒక్కరోజు జైలు లేదు. 1985లో మోరిసన్ అనే ఉద్యోగి రహస్యపు ఫొటోలు పత్రికకు ఇస్తే రెండేళ్లు పడ్డాయి. మానింగ్ ఇచ్చిన కాగితాలు ఎక్కువే, నిజమే. కాని పెద్ద కుర్చీకి జరిమానా, చిన్న బల్లకు జైలు అన్న పద్ధతి ఏ కచేరీలో ఉన్నా, అక్కడ చిన్నవారికి చట్టంమీద గౌరవం నిలువదు. ఇతరులకు పడిన శిక్షలతో పోలిస్తే ఆ శిక్ష చాలా ఎక్కువైనదని ఒబామాయే అన్నారు. ఏడేళ్లు చాలునని మేమూ అనుకొంటున్నాము. వాగ్దానం తప్పినదానికి శిక్ష ఉండవలసిందే. అది తప్పుకు తగినంత ఉండాలి.

అమెరికా గొడవ మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. మన చెన్నపట్టణపు "హిందూ" పత్రిక 2011 మార్చిలో ఆ తంతి ఉత్తరాలలో భారతదేశానికి సంబంధించినవి ప్రచురించినది. 2008 విశ్వాస పరీక్షలో ఓట్లకు సొమ్ము ముట్టినదన్న ప్రస్తావన వాటిలో ఉన్నందువల్ల పార్లమెంటులో దుమారం లేచినది. మనమందరమూ ఉదయపు కాఫీతో ఆ పత్రిక చదివాము. ఆ కాగితాల ఫలం మనమూ తిన్నాము. ఆ సిపాయి మాత్రం అప్పుడు ఒంటరి కొట్టులో ఉన్నది.

మొన్న మా పెద్దమ్మాయి అడిగినది: "నైనా, ఆ సినిమా ఎవరూ బయటపెట్టకపోతే, ఆ పసిపిల్లల సంగతి ఎవరు చెప్పేవారు?" దానికి చట్టం పుస్తకంలో మాకు జవాబు దొరకలేదు. ప్రజల మేలుకోసం ఇచ్చాననే వాదానికి అమెరికా గూఢచర్య చట్టంలో చోటు లేదు. మన దేశంలోను తెల్లవారి నాటి 1923 అధికార రహస్యాల చట్టం ఉన్నది. అయితే 2005 సమాచార హక్కు చట్టంలోని ఎనిమిదవ సెక్షను రెండవ భాగం, నష్టంకంటె ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఆ పాత చట్టాన్ని దాటి కాగితం చూపవచ్చునని కార్యాలయానికి అధికారమిచ్చినది. అడిగినప్పుడు చూపే ఆ త్రోవ తెరచి ఉంటే, గుట్టు దొంగతనంగా మోసుకొనిపోయే అవసరం చాలావరకు తగ్గుతుంది.

మన పిల్లలలో చాలామంది రేపు కచేరీలకూ, సైన్యానికీ పోయేవారే. నోరు అదుపులో ఉంచుకోమని వారికి చెబుదాము. ఒకరి ప్రాణానికి సంబంధించిన అన్యాయం కంటబడితే, ముందు పై అధికారికి వ్రాతమూలంగా తెలుపుమనీ, తీసే ప్రతి కాగితమూ చదివి తీయమనీ కూడా చెబుదాము. పై అధికారులైన మనవారికి ఒక మాట: అలా వ్రాసి పంపినవానిని వేధించకండి, జవాబివ్వండి.