పాత బాకా, కొత్త బాకా

ట్యూబా అంటే మన క్లాసులో సగం మందికి తెలీదు. పెళ్ళి బ్యాండులో పొట్టకు ఆనించి పట్టుకుని, వెడల్పాటి నోరు పైకి పెట్టి "భోం భోం" అని ఊదే పెద్ద బాకా అంటే మాత్రం టక్కున గుర్తొస్తుంది. 1835లో బెర్లిన్‌లో వీప్రెష్ట్, మోరిట్జ్ అనే ఇద్దరు దీనికి పేటెంట్ తీసుకున్నారు. బ్రిటిష్ సైన్యం బ్యాండుల వెంట ఇలాంటి ఇత్తడి బాకాలు మన దేశానికొచ్చాయి. ఇప్పుడు మన దేశంలో వీటి తయారీకి పేరున్న ఊరు మీరట్.

మా కోడుమూరులో బ్యాండు మేళం నడిపే ఒక మామ దగ్గర రెండున్నాయి. ఒకటి వాళ్ళ నాయన కాలం నాటి ఇంగ్లండు బాకా. ఒంటినిండా సొట్టలు, మాట్లు. రెండోది ఆ నమూనాలోనే చేసిన కొత్తది, తళతళా మెరుస్తుంది. "తేడా ఏముంది మామా?" అంటే, "వెనక్కి తిప్పి సూడు అబ్బీ" అన్నాడు.

పాతదానికి వాల్వుల వెనక చిన్న చిన్న గొట్టాలు అదనంగా ఉన్నాయి. కొత్తదానికి లేవు. వాల్వు నొక్కితే గాలి తిరిగే దారి పొడవై స్వరం దిగుతుంది. మూడూ కలిపి నొక్కితే ఆరు అరస్వరాలు దిగాలి. దానికి గొట్టం 41 శాతం పెరగాలి. కానీ విడివిడిగా సరిపోయే ఆ మూడు పొడవులూ కూడితే 37 శాతమే వస్తుంది. అంటే శ్రుతి కాస్త పైకి పోతుంది. 1874లో బ్లెయిక్లీ అనే ఇంగ్లండు ఆయన, వాల్వులు కలిపి నొక్కినప్పుడు మాత్రమే గాలి ఆ చిన్న గొట్టాల్లోంచి కూడా పోయేలా చేసి ఆ లోటు పూడ్చాడు.

అలాగని కొత్తది పనికిరానిది కాదు. తేలిక, చవక, ఊరేగింపులో సొట్టపడినా దిగులుండదు. కింది స్వరాల దగ్గర మామ పెదాలు కాస్త వదులు చేసి శ్రుతికి దించుకుంటాడు.

పాతదాన్ని షోకేసులో పెట్టుకుంటామని ఎవరో అడిగారంట. డీజేలొచ్చాక బేరాలు తగ్గాయి, డబ్బు అవసరమే. అయినా ఇవ్వలేదు. "కొత్తది తప్పు పలికితే నేను సరిజేసుకుంటాండా. ఏది సరో నాకు నేర్పింది ఆ పాతదే గదా. అది పోతే మా పిల్లోనికి యెవురు నేర్పాల?" అన్నాడు.

ఆ పిల్లోడిప్పుడు ఇంటర్. పెళ్ళిళ్ళకు కొత్తది మోస్తాడు, ఇంట్లో సాధన మాత్రం పాతదాని మీదే.